రేపటి వంతుకు ఇవాళ ధర ఎంత?
(అమెరికా ఆటల డ్రాఫ్టు, వడ్డీ లెక్క)

— హాస్టల్ పూర్వ విద్యార్థి, ఎం.ఏ. ఎకనామిక్స్



వార్షికోత్సవ సంచికకు చదువుకు పనికొచ్చే వ్యాసం ఒకటి పంపమని వార్డెన్ సారు ఫోన్ చేశారు. పోటీ పరీక్షలకు ఎలా చదవాలో రాద్దామని మొదట కూర్చున్నాను. కానీ అది ప్రతి ఏడూ ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. పైగా నేనింకా ఒక్క ప్రిలిమ్స్ కూడా గట్టెక్కలేదు, నేను రాస్తే ఎవరు నమ్ముతారు? అందుకే ఎం.ఏ. రెండో సంవత్సరం సెమినార్‌లో నేను చెప్పిన పాఠాన్నే మీకోసం మళ్లీ రాస్తున్నాను. విషయం అమెరికాది. ఆట కూడా మనం ఆడేది కాదు. లెక్క మాత్రం మన ఇళ్లలో అందరికీ తెలిసిందే. అది వడ్డీ లెక్క.

డ్రాఫ్టు అంటే ఏమిటి?

ఐపీఎల్ వేలం మనందరం చూశాం. డబ్బు ఎక్కువ పెట్టిన జట్టుకు ఆటగాడు వెళ్తాడు. అమెరికాలో కాలేజీ చదువు ముగించుకుని వచ్చే కొత్త ఆటగాళ్లకు వేలం ఉండదు. జట్లన్నీ వరుసలో నిలబడి, వంతుల ప్రకారం ఒక్కొక్కరిని ఎంచుకుంటాయి. దానినే డ్రాఫ్టు అంటారు. అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్‌లో కిందటి ఏడాది అందరికంటే అడుగున ఉన్న జట్టుకు మొదటి వంతు, కప్పు గెలిచిన జట్టుకు చివరి వంతు. మన మెస్‌లో చిన్న తరగతుల పిల్లలను ముందు కూర్చోబెట్టినట్టు అనుకోండి.

ఫిలడెల్ఫియా జట్టు యజమాని బెర్ట్ బెల్ ఈ పద్ధతిని ప్రతిపాదించాడు. మంచి ఆటగాళ్లందరూ పెద్ద జట్లకే పోతుంటే తన జట్టు ఎప్పటికీ లేవదని ఆయన బాధ. మొదటి డ్రాఫ్టు 1936లో జరిగింది. మొదటి వంతు ఆయన జట్టుకే వచ్చింది. జే బెర్వాంగర్ అనే ఆటగాడిని ఎంచుకున్నారు. అతను అడిగిన జీతం ఇచ్చుకోలేక ఆ హక్కును షికాగో జట్టుకు మార్చేశారు. అతను చివరికి ఏ జట్టులోనూ ఆడలేదు. అంటే చరిత్రలో మొట్టమొదటి వంతే చేతులు మారింది, అదీ పనికి రాకుండా పోయింది!

ఇప్పుడు ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 32 జట్లు, 7 రౌండ్లు. ఇక్కడ ముఖ్యమైన సంగతి ఏమిటంటే, వంతును కూడా వస్తువులాగే మార్చుకోవచ్చు. "నా 6వ వంతు నీకు, నీ ఆటగాడు నాకు" అనవచ్చు. అంతేకాదు, ఇంకా రాని సంవత్సరాల వంతులను కూడా ఇప్పుడే ఇచ్చేయవచ్చు. విత్తనం వేయకముందే పంట అమ్మడం లాంటిదది. ఆ వంతు రేపు 1వదవుతుందో 32వదవుతుందో ఎవరికీ తెలియదు. ఇచ్చిన జట్టు వచ్చే ఏడాది ఎలా ఆడుతుందన్న దాని మీద అది ఆధారపడి ఉంటుంది.

(మనకు కూడా ఒకసారి డ్రాఫ్టు జరిగింది. 2008లో ఐపీఎల్ మొదలైనప్పుడు అండర్-19 కుర్రాళ్లను ఈ పద్ధతిలోనే పంచారు. ఢిల్లీ జట్టు తన వంతులో ప్రదీప్ సంగ్వాన్ అనే బౌలర్‌ను తీసుకుంది. ఢిల్లీ కుర్రాడే అయిన విరాట్ కోహ్లీ బెంగళూరుకు వెళ్లాడు. వంతు ముందుగా ఉండటం వేరు, సరిగ్గా ఎంచుకోవడం వేరు.)

డల్లాస్ కథ

1989లో డల్లాస్ కౌబాయ్స్ జట్టును జెర్రీ జోన్స్ కొన్నాడు. కాలేజీలో తనతో కలిసి ఆడిన జిమ్మీ జాన్సన్‌ను కోచ్‌గా పెట్టుకున్నాడు. ఆ ఏడాది మొదటి ఐదు ఆటలూ ఓడిపోయారు. జట్టు మొత్తంలో చెప్పుకోదగ్గ ఆటగాడు హెర్షెల్ వాకర్ ఒక్కడే. 1989 అక్టోబర్ 12న ఆ ఒక్కడినీ మిన్నెసోటా వైకింగ్స్‌కు ఇచ్చేశారు. ఊరంతా తిట్టింది.

బదులుగా వచ్చిందేమిటి? ఐదుగురు ఆటగాళ్లు, కొన్ని వంతులు. ఆ ఐదుగురిలో చాలామందికి ఒక షరతు కట్టి ఉంది. ఫలానా తేదీలోగా డల్లాస్ ఆ ఆటగాడిని వదిలేస్తే అతని బదులు మిన్నెసోటా ఒక వంతు ఇవ్వాలి. డల్లాస్ ఆటగాళ్లను ఉంచుకుంటుందనే మిన్నెసోటా అనుకుంది. జాన్సన్ చూపు మాత్రం మొదటి నుంచీ వంతుల మీదే ఉంది. అన్నీ కలిపి 1990, 1991, 1992 మూడేళ్ల మొదటి రౌండు, రెండో రౌండు వంతులు డల్లాస్‌కు దక్కాయి.

ఆ ఏడాది డల్లాస్ 16 ఆటల్లో 15 ఓడింది. తర్వాత వచ్చిన వంతులను కొన్నిసార్లు వాడుకుని, కొన్నిసార్లు ఇతరులతో మార్చుకుని జట్టును కట్టారు. 1990లో ఎమ్మిట్ స్మిత్‌ను 17వ వంతులో తీసుకున్నది మిన్నెసోటా నుంచి వచ్చిన 21వ వంతును పైకి జరుపుకునే. 1992, 1993, 1995 సీజన్లలో డల్లాస్ సూపర్ బౌల్ గెలిచింది. వాకర్ మిన్నెసోటాలో 1991 దాకా ఉండి వెళ్లిపోయాడు.

ఈ కథను అమెరికాలో "మిన్నెసోటా మోసపోయింది" అని చెబుతారు. నాకు అలా అనిపించదు. ఇంకొక్క మంచి ఆటగాడు దొరికితే ఈ ఏడే కప్పు గెలుస్తామని వాళ్లు నమ్మారు. ఆ నమ్మకానికి వడ్డీ కట్టారు. ఎంత వడ్డీ? దాన్ని కొలవాలంటే ముందు కొలబద్ద కావాలి.

ధరల పట్టిక

ఆ కొలబద్దను తయారు చేసింది కూడా డల్లాస్ వాళ్లే. జట్టులో చిన్న వాటాదారు, వృత్తిరీత్యా ఇంజనీరు అయిన మైక్ మెకాయ్ 1991లో ఒక పని చేశాడు. అంతకు ముందు నాలుగేళ్లలో లీగ్‌లో జరిగిన మార్పిడులన్నీ ముందు పెట్టుకుని, ఏ వంతుకు ఏ వంతులు ఇచ్చారో చూసి, ప్రతి వంతుకు పాయింట్లు వేశాడు. కోచ్ పేరు మీద అది జిమ్మీ జాన్సన్ పట్టికగా స్థిరపడింది. కొన్ని అంకెలు చూడండి. నోటుబుక్కులో రాసుకుంటే ఇంకా మంచిది, ముందు ముందు వాడుకుంటాం.

1వ వంతు – 3000
2వ వంతు – 2600
3వ వంతు – 2200
6వ వంతు – 1600
12వ వంతు – 1200
16వ వంతు – 1000
22వ వంతు – 780
29వ వంతు – 640
39వ వంతు – 510
48వ వంతు – 420
80వ వంతు – 190

మొదటి వంతుకు, 16వ వంతుకు మధ్య మూడింతల తేడా! ఒక్క మాట గుర్తుంచుకోండి. ఏ వంతులో వచ్చిన ఆటగాడు ఎంత బాగా ఆడాడన్నది ఈ పట్టిక చెప్పదు. జనం ఎంతకు కొన్నారో చెబుతుంది, అంతే. సంతలో ధర చూసి గేదె పాలు కొలిచినట్టు కాకూడదు కదా. కానీ కొన్నాళ్లకు జట్లన్నీ దీన్నే దగ్గర పెట్టుకుని బేరాలు మొదలుపెట్టాయి. ధరను చూసి రాసిన పట్టికే ధరను నిర్ణయించసాగింది.

పదకొండున్నర రూపాయల వడ్డీ

ఇప్పుడు అసలు పాఠానికి వద్దాం. వచ్చే ఏడాది వంతును ఇవాళ లెక్కకట్టేటప్పుడు జట్లు చాలాకాలంగా ఒక మోటు సూత్రం వాడుతున్నాయి. ఒక ఏడాది ఆగాలంటే ఒక రౌండు కిందికి దించు. అంటే వచ్చే ఏటి మొదటి రౌండు వంతు ఇవాళ్టి రెండో రౌండు వంతుతో సమానం. రెండేళ్ల తర్వాతిదైతే మూడో రౌండుతో సమానం.

వచ్చే ఏడాది వంతు ఎక్కడ పడుతుందో తెలియదు కనుక రౌండు మధ్యలో పడుతుందని అనుకుందాం. మొదటి రౌండు మధ్య వంతు 16, పాయింట్లు 1000. రెండో రౌండు మధ్య వంతు 48, పాయింట్లు 420. అంటే ఇవాళ 420 తీసుకున్నవాడు ఏడాది తర్వాత 1000 తిరిగి ఇస్తున్నాడు. అసలు 420, వడ్డీ 580. శాతం కట్టండి: 138.

మన ఊళ్లలో వడ్డీని శాతంలో చెప్పరు, నూటికి నెలకు ఎన్ని రూపాయలో చెబుతారు. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం, అది మర్యాద వడ్డీ. ఐదు రూపాయలంటే 60 శాతం, అవసరంలో ఉన్నవాడు తీసుకునేది. పది రూపాయలంటే 120. అది ఆస్పత్రి మంచం పక్కన నిలబడి తీసుకునే అప్పు. 138 శాతం అంటే నూటికి నెలకు పదకొండున్నర రూపాయలు! కోట్ల డాలర్ల జట్లు, సూటు వేసుకున్న మేనేజర్లు, కంప్యూటర్ల ముందు కూర్చుని ఈ వడ్డీకి అప్పు చేస్తున్నారు.

ఇది నా సొంత కట్టుబడి లెక్క. కాని కేడ్ మాస్సీ, రిచర్డ్ థేలర్ అనే ఇద్దరు ఆచార్యులు నిజమైన మార్పిడులన్నీ లెక్కగట్టి, 2013లో మేనేజ్‌మెంట్ సైన్స్ పత్రికలో అచ్చు వేసిన వ్యాసంలో తేల్చిన వడ్డీ ఏడాదికి 136 శాతం. (థేలర్ గారికే 2017లో ఎకనామిక్స్ నోబెల్ వచ్చింది.) నా నోటుబుక్కు లెక్క దానికి రెండు శాతం దూరంలో ఆగినప్పుడు సెమినార్ హాల్లో నాకు కలిగిన ఆనందం మీకు చెప్పలేను.

ఎందుకు ఇంత వడ్డీ?

రేపటి వంతు ఎక్కడ పడుతుందో తెలియకపోవడం ఒక కారణం. కానీ అది పైకైనా పడవచ్చు, కిందికైనా పడవచ్చు. దానికి ఇంత కోత అక్కర్లేదు. అసలు కారణం వేరే ఉంది. అప్పు చేసేవాడు ఒకడు, తీర్చేవాడు ఇంకొకడు.

2012 మార్చిలో వాషింగ్టన్ జట్టు రాబర్ట్ గ్రిఫిన్ అనే క్వార్టర్‌బ్యాక్ కోసం సెయింట్ లూయిస్ రామ్స్ జట్టు దగ్గర 2వ వంతు కొన్నది. (క్వార్టర్‌బ్యాక్ అంటే బంతి విసిరే నాయకుడు, జట్టులో అన్నిటికంటే ఖరీదైన స్థానం.) బదులుగా ఇచ్చింది ఆ ఏటి 6వ వంతు, 39వ వంతు, ఆపైన 2013, 2014 సంవత్సరాల మొదటి రౌండు వంతులు. బల్ల మీద లెక్క చేద్దాం.

బేరం జరిగిన రోజు: 1600 + 510 = 2110. 2013 వంతు ఒక ఏడాది దూరం, 420. 2014 వంతు రెండేళ్ల దూరం, 190. మొత్తం 2720. కొన్న వంతు విలువ 2600. కొంచెం ఎక్కువే ఇచ్చారు కాని న్యాయమైన బేరంలాగే కనిపిస్తోంది కదూ?

ఇక కాలం నడిచింది. 2012లో గ్రిఫిన్ అదరగొట్టాడు, వాషింగ్టన్ తన డివిజన్ గెలిచింది. అందువల్ల రామ్స్‌కు వెళ్లిన 2013 వంతు 22వదిగా పడింది. విలువ 780. ఆ సీజన్ చివర్లోనే గ్రిఫిన్ మోకాలు దెబ్బతింది. 2013లో వాషింగ్టన్ 16 ఆటల్లో మూడే గెలిచింది. దాంతో 2014 వంతు ఎన్నోది అయింది? 2వది. 2600 పాయింట్లు. ఏ వంతు కోసం ఇదంతా ఇచ్చారో, సరిగ్గా అదే వంతు తిరిగి అవతలివాడి చేతికి వెళ్లింది.

నిజంగా చెల్లించింది: 1600 + 510 + 780 + 2600 = 5490. బేరం రోజు 190 అనుకున్నది 2600 అయి కూర్చుంది.

ఆ 2014 డ్రాఫ్టు రోజుకు ఈ బేరం చేసిన కోచ్ మైక్ షనహాన్ ఉద్యోగంలో లేడు. 2013 డిసెంబర్‌లోనే తీసేశారు. హ్యూస్టన్ జట్టు 2019లో మయామీ నుంచి లారెమీ టన్సిల్‌ను తెచ్చుకోవడానికి 2020, 2021 మొదటి రౌండు వంతులు ఇచ్చింది. 2021 వంతు 3వదిగా పడింది. అది పడేనాటికి బేరం చేసిన బిల్ ఓ'బ్రయన్ లేడు, 2020 అక్టోబర్‌లో పంపేశారు. కోచ్‌కు తెలుసు, ఈ ఏడు గెలవకపోతే వచ్చే ఏడు తను ఉండడని. తను ఉండని ఏటి వంతుకు అతను ఎందుకు విలువ కడతాడు? 190 కట్టడమే ఎక్కువ.

బాస్కెట్‌బాల్‌లో దీనికి ఇంకా పెద్ద ఉదాహరణ ఉంది. 2013లో బ్రూక్లిన్ నెట్స్ జట్టు బోస్టన్ నుంచి కెవిన్ గార్నెట్‌ను, పాల్ పియర్స్‌ను తెచ్చుకుంది. అప్పటికి గార్నెట్‌కు 37 ఏళ్లు, పియర్స్‌కు 35. ఇచ్చినవి 2014, 2016, 2018 మొదటి రౌండు వంతులు, 2017లో వంతులు తారుమారు చేసుకునే హక్కు. మొదటి ఏడు బ్రూక్లిన్ బాగానే ఆడింది, కాబట్టి 2014 వంతు 17వదయింది, పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. ముసలి ఆటగాళ్లు వెళ్లిపోయాక జట్టు కూలింది. 2016 వంతు 3వది. 2017ది ఏకంగా 1వది. బోస్టన్ 3వ వంతుతో జేలెన్ బ్రౌన్‌ను తీసుకుంది. ఆ 1వ వంతును ఫిలడెల్ఫియాకు ఇచ్చి, వారి 3వ వంతుతో పాటు ఇంకో రాబోయే మొదటి రౌండు వంతు కూడా రాబట్టి, జేసన్ టాటమ్‌ను తీసుకుంది. ఆ ఇద్దరితోనే 2024లో బోస్టన్ చాంపియన్ అయింది. బ్రూక్లిన్ బేరం చేసిన మేనేజర్ బిల్లీ కింగ్ 2016 జనవరిలోనే పదవి దిగిపోయాడు.

గమనించారా? జట్టు ఓడిపోతే మామూలుగా వచ్చే ఓదార్పు మంచి వంతు. వంతు అమ్ముకున్న జట్టుకు ఆ ఓదార్పు కూడా ఉండదు. తన ఓటమే అవతలివాడికి లాభమవుతుంది. అందుకే బాస్కెట్‌బాల్ లీగ్‌లో ఒక నియమం పెట్టారు. రాబోయే వరుస రెండు సంవత్సరాల మొదటి రౌండు వంతులు లేకుండా చేసుకునే బేరం ఏ జట్టూ చేయకూడదు. 1980ల మొదట్లో క్లీవ్‌లాండ్ జట్టు యజమాని టెడ్ స్టెపియన్ వంతులన్నీ అడ్డగోలుగా మార్చేయడంతో వచ్చిన నియమం కనుక ఆయన పేరుతోనే పిలుస్తారు. పొలం తాకట్టు పెట్టుకోవచ్చు కానీ విత్తనాల బస్తా పెట్టకూడదని చట్టం చేసినట్టు.

ఇక్కడ మా ఇంటి సంగతి కొంచెం చెప్పాలి. సెమినార్‌లో చెప్పలేదు, మీకు చెబుతున్నాను. మా నాన్న కౌలు రైతు. ఎరువులు అరువు తెచ్చుకున్న కొట్టుకే కళ్లంలో వడ్లు కొలిచేవాడు, ఆ కొట్టువాడు చెప్పిన ధరకే. రెండు నెలలు ఆగితే బస్తాకు ధర పెరుగుతుందని ఆయనకు తెలుసు. నాకు చిన్నప్పుడు చాలా కోపం వచ్చేది, నాన్నకు లెక్క రాదని. లెక్క నాకంటే బాగా వచ్చు. తెలియక కాదు, ఆగలేక అమ్మేవాడు. వాషింగ్టన్ కోచ్‌కూ మా నాన్నకూ పోలిక ఏమిటని మీరు నవ్వవచ్చు. ఒకడిది ఉద్యోగ భయం, ఇంకొకరిది అప్పు భయం. ఇద్దరి చేతుల్లోనూ రేపటి ధర ఇవాళ సగానికి పడిపోయింది. తేడా ఏమిటంటే, కోచ్ కట్టాల్సిన అప్పు తర్వాత వచ్చినవాడు కట్టాడు. నాన్నది నాన్నే కట్టాడు.

నేను ఇంటర్ పాసైన ఏడాది బట్టల షాపులో నెలకు తొమ్మిది వేల ఉద్యోగం వచ్చింది. ఇంట్లో అందరూ వెళ్లమన్నారు. డిగ్రీ మూడేళ్లు, తర్వాత ఏమిటో తెలియదు. అమ్మ ఒక్కతే "అన్నం హాస్టల్ పెడుతుంది కదా, వాడికి మనం పెట్టేదేముంది" అంది. ఆ ఒక్క మాటతో లెక్క మారింది. మూడేళ్లు నా తిండి, పడక ఇంటి మీద పడకపోవడం వల్ల మేము ఆగగలిగాం. జిమ్మీ జాన్సన్ 16 ఆటల్లో 15 ఓడి కూడా ఉద్యోగంలో ఉన్నాడంటే, వెనక యజమాని స్నేహితుడు కనుక. అతని ఓపికను పొగుడుతూ చాలా రాశారు కానీ, ఆ ఓపికకు అయిన ఖర్చు ఎవరు భరించారో తక్కువ రాశారు.

పట్టిక కూడా పాతబడుతుంది

వంతు విలువ ఏడాదికేడాది మారడం ఒకటైతే, వంతుల మధ్య తేడా కూడా కాలంతో మారింది. దీనికి 2011 ముఖ్యమైన సంవత్సరం. అంతకుముందు మొదటి వంతులో వచ్చిన కుర్రాడికి ఒక్క ఆట ఆడకుండానే భారీ జీతం ఇవ్వాల్సి వచ్చేది. 2010లో మొదటి వంతు అయిన శామ్ బ్రాడ్‌ఫోర్డ్‌కు ఆరేళ్లకు 7 కోట్ల 80 లక్షల డాలర్ల ఒప్పందం, అందులో 5 కోట్లు గ్యారంటీ. 2011లో ఆటగాళ్ల సంఘంతో కొత్త ఒప్పందం కుదిరి, కొత్తవాళ్ల జీతాలకు హద్దు గీశారు. ఆ ఏడు మొదటి వంతు అయిన కామ్ న్యూటన్‌కు నాలుగేళ్లకు సుమారు 2 కోట్ల 20 లక్షలు. ఒక్క ఏడాదిలో అదే వంతు, అదే పట్టికలో అవే 3000 పాయింట్లు, కాని ఖర్చు ఎంత తగ్గిందో చూడండి!

మాస్సీ, థేలర్ పాత కాలపు లెక్కల మీద చెప్పింది ఇదీ: జీతం తీసేసి ఆట విలువ చూస్తే జట్టుకు ఎక్కువ మిగిలేది మొదటి వంతులో కాదు, రెండో రౌండు మొదట్లో. ఇంకొకటి కూడా చూశారు. ఒకే స్థానంలో ఆడుతూ ఒకరి వెంట ఒకరుగా ఎంపికైన ఇద్దరిలో ముందు ఎంపికైనవాడు తర్వాత ఎంపికైనవాడి కంటే బాగా ఆడటం నూటికి 52 సార్లే. బొమ్మా బొరుసూ వేసినట్టే. 2011 తర్వాత పై వంతులు చౌక అయ్యాయి, కాబట్టి ఆ మాటను ఇప్పుడు యథాతథంగా అప్పజెప్పకూడదు. కానీ 52 శాతం సంగతి జీతాలతో మారేది కాదు. తర్వాత వచ్చిన కొత్త పట్టికల్లో పై వంతుల నుంచి కింది వంతులకు దిగుడు అంత నిట్టనిలువుగా లేదు.

ఆగడమే ఎప్పుడూ తెలివని నేను చెప్పడం లేదు. వాషింగ్టన్ వంతులు అందుకున్న రామ్స్ జట్టు మేనేజర్ లెస్ స్నీడ్. అదే స్నీడ్, జట్టు లాస్ ఏంజెలెస్‌కు మారాక, తన వంతులన్నీ ధారాళంగా ఖర్చు పెట్టాడు. 2017 నుంచి 2023 దాకా రామ్స్ మొదటి రౌండులో ఒక్కరినీ ఎంచుకోలేదు. 2021లో మాథ్యూ స్టాఫోర్డ్ కోసం డెట్రాయిట్‌కు 2022, 2023 మొదటి రౌండు వంతులు ఇచ్చాడు. 2022 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ గెలిచారు. ఆ గెలుపు వల్ల 2022 వంతు చిట్టచివరి 32వదిగా పడింది. మరుసటి ఏడు జట్టు కుదేలై 2023 వంతు 6వది అయిందనుకోండి. అయినా కప్పు ఇంట్లో ఉంది. స్నీడ్ ఉద్యోగమూ ఉంది. అతను భయపడి అప్పు చేయలేదు, తెలిసి చేశాడు.

వంతు ఆటగాడిగా మారిన తర్వాత కూడా గడియారం ఆగదు. 2011 నుంచి కొత్త ఆటగాడి మొదటి ఒప్పందం నాలుగేళ్లు. మొదటి రౌండు వాళ్లకైతే జట్టు కోరుకుంటే ఐదో ఏడు. చౌక జీతానికి మంచి ఆట దొరికేది అంతవరకే. గడిచిన ప్రతి ఏడూ ఆ లాభంలో ఒక ముక్క కరిగిపోతుంది. శాన్ ఫ్రాన్సిస్కో జట్టు 2021లో మయామీ దగ్గర 3వ వంతు కొని ట్రే లాన్స్‌ను తీసుకుంది. 2023 ఆగస్టులో అతన్ని డల్లాస్‌కు ఇచ్చేస్తే వచ్చింది నాలుగో రౌండు వంతు ఒకటి. అదే జట్టు 2022 డ్రాఫ్టులో అందరికంటే చివరిదైన 262వ వంతులో బ్రాక్ పర్డీని తీసుకుంది. 2024 ఫిబ్రవరి సూపర్ బౌల్‌లో ఆ జట్టుకు క్వార్టర్‌బ్యాక్‌గా ఆడింది పర్డీయే.

అభ్యాసం (తొమ్మిది, పది తరగతుల తమ్ముళ్లకు)

2021లో శాన్ ఫ్రాన్సిస్కో ఆ 3వ వంతు కోసం మయామీకి ఇచ్చినవి: ఆ ఏటి 12వ వంతు, 2022 మొదటి రౌండు వంతు, 2023 మొదటి రౌండు వంతు, 2022 మూడో రౌండు వంతు. 

1) బేరం రోజు ధర కట్టండి. ఏడాదికి ఒక రౌండు దించే సూత్రం వాడండి. నాలుగో రౌండు మధ్య వంతుకు 70 పాయింట్లు వేసుకోండి.

2) చివరికి మొదటి రౌండు వంతులు రెండూ 29వవిగా పడ్డాయి. మూడో రౌండుది 102వదిగా పడింది, దానికి పట్టికలో 92 పాయింట్లు. నిజంగా చెల్లించినది కట్టండి.

3) మొదటి జవాబు 2200 కంటే తక్కువ వస్తుంది, రెండోది ఎక్కువ వస్తుంది. మయామీ వైపు కూర్చుని, ఈ బేరానికి ఒప్పుకునేవారో లేదో, ఎందుకో నాలుగు వాక్యాల్లో రాయండి.

జవాబులు నోటీసు బోర్డు పక్కన పెట్టమని వార్డెన్ సారుకు ఇచ్చాను. మూడో ప్రశ్నకు మాత్రం జవాబు రాయలేదు. సంక్రాంతి సెలవులకు వచ్చినప్పుడు మీ నోటుబుక్కులు చూస్తాను.